గాలిపటానికి దారం, డ్రోన్‌కి చూపు



సంక్రాంతికి పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. గాలిపటం ఎంత ఎత్తుకు పోయినా దారం పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. దారం లాగితే గాలిపటం మాట వింటుంది. దారం తెగిందా, ఇక అంతే. ఏ చెట్టు మీద పడుతుందో, ఏ తీగకు చిక్కుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు పొలాల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి. డ్రోన్‌కి దారం లేదు. "రిమోట్ ఉంది కదా!" అంటారు కొందరు. నిజమే. రిమోట్‌తో చెప్పిన మాట డ్రోన్ వింటుంది. కానీ ఏ మాట చెప్పాలి? కుడికి పొమ్మనాలా, ఎడమకి పొమ్మనాలా, ఆగమనాలా? అది తెలియాలంటే డ్రోన్ కంటికి కనబడాలి. అందుకే డ్రోన్‌కి దారం చూపే. చూపు తెగితే దారం తెగినట్టే.

ఈ రోజు చెప్పుకునే మాట ఆ చూపు గురించే.

డ్రోన్ ఎవరిది?

డ్రోన్ అంటే మనిషి ఎక్కని చిన్న విమానం. నేల మీద నిలబడి రిమోట్‌తో నడుపుతారు. మందు కొట్టే డ్రోన్‌కి పైన ఫ్యాన్లు ఉంటాయి. కింద మందు ట్యాంకు ఉంటుంది. చాలావాటికి 10 లీటర్ల ట్యాంకు. వీపున ట్యాంకు మోస్తూ, మందు గాలి పీలుస్తూ, బురదలో తిరిగే బాధ దీనితో తగ్గుతుంది.

2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 'నమో డ్రోన్ దీదీ' పథకం మొదలుపెట్టింది. దీదీ అంటే హిందీలో అక్క. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని అనుకున్నారు. 2023-24లో ఎరువుల కంపెనీలు 1,094 డ్రోన్లను సంఘాల మహిళలకు ఇచ్చాయి.

పథకంలో లెక్క ఇది. ఖర్చులో 80 శాతం సాయం. అది 8 లక్షల రూపాయలు దాటదు. మిగిలింది సంఘం పెట్టుకోవాలి. అప్పు కూడా తీసుకోవచ్చు.

పలక మీద ఒక లెక్క వేసి చూడండి. డ్రోన్, దాని సామాను కలిపి 10 లక్షలు అనుకోండి. సాయం 8 లక్షలు. సంఘం మీద పడేది 2 లక్షలు. సంఘంలో 10 మంది ఉంటే తలా 20 వేలు. డ్రోన్ వెళ్లి చెట్టుకు కొట్టుకుంటే ఆ దెబ్బ ఒక్క పైలట్‌కే తగలదు. పదిమంది పొదుపుకు తగులుతుంది. డ్రోన్ మూలన పడినా బ్యాంకు వాయిదా ఆగదు.

డబ్బు ఒక్కటే కాదు. నిండు ట్యాంకుతో ఆ డ్రోన్ బరువు 25 కిలోల దగ్గరికి వస్తుంది. అంటే ఒక బియ్యం బస్తా. ఫ్యాన్లు కత్తుల్లా తిరుగుతుంటాయి. పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్లు వంగి ఉంటారు. గట్టు మీద పిల్లలు ఆడుతుంటారు. వాళ్ల ప్రాణాలకు కాపలా ఎవరు? డ్రోన్ నడిపే అక్క కన్ను.

నియమం ఏమంటుంది?

2021 ఆగస్టులో డ్రోన్ నియమాలు వచ్చాయి. పైలట్‌కి 18 ఏళ్లు నిండాలి. 65 ఏళ్లు దాటకూడదు. పదో తరగతి పాసవ్వాలి. శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందాలి. నమో డ్రోన్ దీదీ పథకంలో శిక్షణ 15 రోజులు. అందులో 5 రోజులు డ్రోన్ నడపడం, 10 రోజులు పంటకు మందు కొట్టడం నేర్పుతారు.

స్కూటరుకు నంబరు ఉన్నట్టే డ్రోన్‌కీ నంబరు ఉండాలి. మ్యాపులో ఆకుపచ్చగా చూపిన చోట 400 అడుగుల ఎత్తు వరకు ఎగరేయవచ్చు. బాగా పెరిగిన తాటిచెట్టు 100 అడుగుల దాకా ఉంటుంది. అలాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెడితే 400 అడుగులు. విమానాశ్రయం హద్దు నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 కిలోమీటర్ల లోపు అయితే 200 అడుగులే. నియమం తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

మందు కొట్టే డ్రోన్ అంత ఎత్తుకు పోనక్కర్లేదు. పైరు మీద రెండు, మూడు మీటర్ల ఎత్తున తిరుగుతుంది. దానికి అసలు నియమం చూపు మేర. డ్రోన్ ఎగిరినంతసేపూ పైలట్ కంటికి కనబడాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకోవాలి. కానీ దుర్భిణీతో చూడటం ఈ లెక్కలోకి రాదు. రిమోట్ బొమ్మలో చూడటం కూడా రాదు.

"కనబడనంత దూరం పంపే డ్రోన్లు లేవా?" అని అడగవచ్చు. ఉన్నాయి. 2021 సెప్టెంబరులో వికారాబాద్ జిల్లాలో మందులు, టీకాల పెట్టెలను డ్రోన్ల మీద పంపి చూశారు. అవి కంటికి ఆనని దూరం పోయాయి. దానికి ప్రత్యేక అనుమతులు తీసుకున్నారు. అది వేరే ఏర్పాటు. చేలో మందు కొట్టే అక్కకు ఆ అనుమతి లేదు.

కనబడటం అంటే ఏమిటి?

ఆకాశంలో ఒక చుక్క కనిపిస్తే డ్రోన్ కనబడినట్టు కాదు. మూడు సంగతులు తెలిస్తేనే కనబడినట్టు.

ఒకటి: డ్రోన్ ముఖం ఎటు ఉంది?
రెండు: ఎంత ఎత్తున ఉంది?
మూడు: దాని పక్కన ఏముంది? చెట్టా, తీగా, మనిషా?

మీటరున్నర వెడల్పున్న డ్రోన్ 150 మీటర్ల దూరం పోయిందనుకోండి. అప్పుడు ఎంత కనిపిస్తుంది? చెయ్యి చాచి వేళ్ల మధ్య ఒక బియ్యపు గింజ పట్టుకోండి. ఆ గింజ పొడవంత కనిపిస్తుంది. అంతే! దాని ముఖం ఎటుందో చెప్పగలరా?

ఎకరం నలుపలకలుగా ఉంటే ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. రెండు ఎకరాలు వరుసగా ఉంటే 128 మీటర్లు. మూడో ఎకరం చివరికి 192 మీటర్లు. అంటే మూడో ఎకరంలో ఉన్న డ్రోన్ గింజకన్నా చిన్నది. అందుకే ఒకే గట్టున నిలబడి చేను మొత్తం కొట్టాలని చూడకూడదు. డ్రోన్ ముందుకు పోయిన కొద్దీ పైలట్ కూడా గట్టు మారాలి.

ఇంకో లెక్క. డ్రోన్ సెకనుకు 5 మీటర్లు పోతోంది. ఇంతలో ఫోన్ మోగింది. ఎవరా అని అక్క 4 సెకన్లు ఫోన్ వంక చూసింది. 4 అయిదులు 20. డ్రోన్ 20 మీటర్లు పోయింది. ఆ 20 మీటర్లలో వేపచెట్టు ఉంటే? అందుకే డ్రోన్ లేచేముందు ఫోన్ పక్కన పెట్టాలి. రిమోట్ మీద బ్యాటరీ ఎంత ఉందో, ఎత్తు ఎంత ఉందో చూడాలి. కానీ రెప్పపాటులో చూసి మళ్లీ డ్రోన్ వంకే చూడాలి.

ఎక్కడ నిలబడాలి?

సూర్యుడు వెనక ఉండేలా నిలబడాలి. ఎండకు ఎదురుగా చూస్తే కళ్లు చెదురుతాయి. డ్రోన్ ఎండలో కలిసిపోతుంది.

గాలి వెనక నుంచి వీచేలా చూసుకోవాలి. అప్పుడు మందు తుంపర మీద పడదు. ఎండ, గాలి రెండూ కుదరని చోటు వస్తుంది. అప్పుడు వేరే వేళ చూసుకోవాలి.

ముందుగా చేను చుట్టూ ఒకసారి నడవాలి. కరెంటు తీగలు ఎటు నుంచి ఎటు పోతున్నాయి? స్తంభాలు ఎక్కడున్నాయి? తాటిచెట్లు, కొబ్బరిచెట్లు ఎన్ని? దూరం నుంచి చూస్తే సన్నని తీగ కనబడదు. స్తంభం కనబడుతుంది. రెండు స్తంభాలు ఉంటే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క.

డ్రోన్ తోక ఎప్పుడూ పైలట్ వైపు ఉంటే మంచిది. అప్పుడు పైలట్ కుడిచెయ్యి, డ్రోన్ కుడిపక్క ఒకటే. డ్రోన్ ముఖం ఇటు తిరిగితే లెక్క తిరగబడుతుంది. కుడికి పొమ్మంటే ఎడమకి పోయినట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్లు కంగారు పడేది ఇక్కడే.

ఇద్దరి చూపు

చేను పెద్దదైతే ఒకరి చూపు చాలదు. డ్రోన్ తీగకు దగ్గరగా ఉందా, దూరంగా ఉందా అన్నది ఒక పక్క నుంచి సరిగా తెలియదు. రెండో మనిషి అవతలి గట్టున నిలబడాలి. ఈ పథకంలో డ్రోన్ సహాయకులకు కూడా శిక్షణ పెట్టారు. సంఘం సభ్యురాలు కావచ్చు, ఇంట్లో మనిషి కావచ్చు.

సహాయకురాలు చెప్పే మాటలు ముందే అనుకోవాలి. తక్కువ మాటలు ఉండాలి. "ఆపు." "పైకి." "వెనక్కి." "మనిషి." ఈ నాలుగు చాలు. "అయ్యో, అటు చూడు, అదిగో!" అంటే పైలట్‌కి ఏం అర్థమవుతుంది? "ఆపు" అన్న మాట వినగానే ఎందుకని అడగకూడదు. ముందు ఆపాలి. తర్వాత అడగాలి.

కనబడకుండా పోతే?

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి డ్రోన్ చెట్టు చాటుకు పోతుంది. అప్పుడు కంగారు పడకూడదు.

మొదట, ఆపాలి. తానుగా గీత వెంట పోతుంటే ఆపే మీట నొక్కాలి. చేత్తో నడుపుతుంటే రిమోట్ పుల్లల మీద నుంచి వేళ్లు వదలాలి. డ్రోన్‌కి ఉపగ్రహాల సంకేతం అందుతుంటే ఉన్నచోటే గాల్లో నిలబడుతుంది. అడ్డదిడ్డంగా తిప్పితేనే ముప్పు.

రెండు, సహాయకురాలిని అడగాలి. "నీకు కనిపిస్తోందా? పైన ఏమన్నా అడ్డం ఉందా?"

మూడు, పైన కొమ్మ, తీగ లేవంటే మెల్లగా పైకి లేపాలి. చెట్ల మీదుగా కనబడుతుంది.

నాలుగు, అప్పటికీ కనబడకపోతే ఇంటికి రమ్మనే మీట నొక్కాలి. అప్పుడు డ్రోన్ ముందే పెట్టిన ఎత్తుకు లేచి, బయలుదేరిన చోటికి తిన్నగా వస్తుంది. ఆ ఎత్తు ఎంత పెట్టాలి? చేను చుట్టూ ఉన్న అన్నిటికన్నా పెద్ద చెట్టును మించి పెట్టాలి. ఈ పని డ్రోన్ లేచేముందే చెయ్యాలి. తర్వాత గుర్తొస్తే ఏం లాభం? చాలా డ్రోన్లు బ్యాటరీ తగ్గినా ఇలాగే తిరిగి వస్తాయి. దారిలో తాటిచెట్టు ఉంటే అది తప్పుకోదు కదా!

తొందర పెట్టేవాళ్లు

యంత్రంతో వచ్చే చిక్కులు ఇవి. మనుషులతో వచ్చే చిక్కు ఇంకోటి ఉంది.

సాయంత్రం అవుతోంది. రైతు అంటాడు: "అమ్మాయ్, ఆ చెట్ల అవతల రెండు మడులు మిగిలాయి. ఇక్కణ్ణుంచే కొట్టెయ్. మళ్లీ సామానంతా అటు మొయ్యడం ఎందుకు?"

చుట్టూ జనం చేరతారు. "ఆడపిల్లకి భయం" అని ఎవరో నవ్వుతారు. ఆ మాట పడలేక డ్రోన్‌ని చెట్ల అవతలికి పంపాలనిపిస్తుంది. ఎకరానికి వచ్చే కూలి కూడా కళ్ల ముందు ఆడుతుంది.

అప్పుడు ఏం చెప్పాలి?

"కనపడని చోట కొట్టను బాబాయ్. అవతలి గట్టుకు వెళ్లి కొడతా. పది నిమిషాలు ఆగండి. వెలుతురు తగ్గితే రేపు పొద్దున్నే వస్తా."

అంతే. గొడవ అక్కర్లేదు. బతిమాలడం అక్కర్లేదు. ఆ మాట భయంతో అన్నది కాదు. పని తెలిసిన మనిషి అన్నది. ఆ రెండు మడుల కూలి పోయినా రేపు వస్తుంది. డ్రోన్ పోతే సంఘం అప్పు మిగులుతుంది. మనిషికి తగిలితే ఏమిచ్చినా తీరదు.

ఈ మాట పైలట్ ఒక్కతే అంటే చాలదు. సంఘం అంతా ఆమె వెనక నిలబడాలి. సంఘం పుస్తకంలో తీర్మానం రాసుకోవాలి: "కంటికి కనబడని చోట డ్రోన్ ఎగరేయం. కనబడక ఆపిన రోజు కూలి పోయిందని పైలట్‌ని ఎవరూ అనం." కింద అందరూ సంతకాలు పెట్టాలి. వేలిముద్ర వేసే రోజులు పోయాయి కదా!

చేట ఆట

డ్రోన్ లేకుండానే ఇది నేర్చుకోవచ్చు. ఒకామె నెత్తిన చేట పట్టుకోవాలి. ఆమే డ్రోన్. చేట వెడల్పు పక్క ముందు. ఇంకొకామె దూరంగా నిలబడి "ముందుకు, కుడికి, ఆగు" అని చెప్పాలి. చేట ఆమె తన కుడిఎడమల ప్రకారమే నడవాలి. మొదట వీపు చూపిస్తూ నడవాలి. తర్వాత ముఖం ఇటు తిప్పి నడవాలి. అప్పుడు అందరూ తప్పులు చెబుతారు, నవ్వుకుంటారు. నాలుగు రోజులు ఆడితే తప్పులు తగ్గుతాయి. మూడో ఆమెను అవతల నిలబెట్టి "ఆపు" అనిపించండి.

"పదో తరగతి లేనిదే పైలట్ కాలేరు, ఇదంతా ఎందుకు?" అని కొందరికి అనిపించవచ్చు. డ్రోన్ ఒక్క పైలట్‌దే కాదు. అప్పు పత్రం మీద సంతకం సంఘానిది. కలుపు తీసే చేను అందరిదీ. బ్యాటరీ ఎన్నిసార్లు పెట్టారో, ఏ చేలో ఎన్ని ఎకరాలు కొట్టారో పుస్తకంలో రాసే చెయ్యి కూడా కావాలి. ఇక చదువు మాటకొస్తే, పెద్దవాళ్లు ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి పరీక్ష రాయవచ్చు. అక్షరం వచ్చినవారికి ఆ దారి తెరిచే ఉంది.

ఈసారి మీ ఊళ్లో డ్రోన్ లేచినప్పుడు దాని వంక చూడండి. ఆ తర్వాత నడిపే మనిషి వంక చూడండి. ఆ కళ్లు ఎక్కడున్నాయి? డ్రోన్ మీద ఉంటే సరే. ఫోన్ మీదో, జనం మీదో ఉంటే ఊరుకోకండి. "ఆపు" అని గట్టిగా చెప్పండి. ఆ మాట చెప్పడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.