గుజరీకి వేసే ముందు ఒకసారి అటక ఎక్కి చూడండి



హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల ఉండే మేము కొన్ని కుటుంబాల వాళ్లం. ఆదివారం వచ్చిందంటే పాత బల్లలు, కుర్చీలు, పెట్టెలు, మగ్గం సామాను వెతుక్కోని తెచ్చేది, బాగు చేసేది మా అలవాటు. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది పిచ్చి అనేవాళ్లు ఉండారు. బయటివాళ్లకన్నా మా ఇండ్లల్లోనే ఎక్కువ ఉండారు, ఆ సంగతి ముందే చెప్పేస్తాము.

మగ్గం నుంచే మొదలుపెడతాము. హోసూరుకు సిప్‌కాట్ వచ్చింది. 1980లో అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ వచ్చింది, ఆ దశకంలోనే టైటాన్ గడియారాల ఫ్యాక్టరీ వచ్చింది. మన పిల్లలు షిఫ్టులకు పోవడం మొదలుపెట్టినారు. ఒకటో తారీకు జీతం చేతికొచ్చే ఉద్యోగం దొరికితే ఎవరైనా పోతారు, అందులో తప్పేమీ లేదు. అయితే మగ్గం గుంట పూడ్చి, పైన టైల్సు పరిచినాక ఆ మగ్గం ఎక్కడికి పోయింది? చానా ఇండ్లల్లో గుంజలు పొయ్యిలోకి పోయినాయి. జాకార్డు పెట్టె ఇనుము కింద కిలోల లెక్కన పోయింది. పన్నెలు, నాడెలు, కండెలు గోనెసంచిలో పోయినాయి. ఆసు అయితే బట్టలు ఆరేసుకునేదానికి వాడుకున్న ఇల్లు కూడా మేము చూసినాము.

దోనెను ఒకసారి చేత్తో తడమండి. ముప్పై నలభై ఏండ్లు చీర మీద చీర దాని మీద చుట్టుకోని నున్నబడిన కట్టె అది. ఆ నునుపు ఏ పాలిష్‌తోనూ రాదు. ఏ వార్నిషూ వద్దు దానికి. పొడి గుడ్డతో దుమ్ము తుడిచి పెడితే చాలు. ఆయుధ పూజనాడు ఇంకా పసుపు కుంకుమ పెట్టే ఇండ్లు ఉండాయి. ఆ బొట్టు మరకలు కూడా అట్లే ఉండనీండి.

మగ్గం విషయంలో మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. అన్ని భాగాలూ ఉండే మగ్గాన్ని కోసి టీపాయి చేయము. బెంగుళూరులో పెద్ద పెద్ద హోటళ్లవాళ్లు అట్లాంటివి అడుగుతా ఉండారు, మంచి ధర కూడా ఇస్తారు. ఇవ్వనీ. సగం చెదలు తినింది, విరిగింది, గుంజ ఒకటే మిగిలింది అంటే అది వేరే సంగతి. దాన్ని అరుగు బల్లగా చేసుకుంటే ఇంట్లోనే ఉంటుంది కదా. మగ్గం ఊడదీయాల్సి వస్తే ముందు నాలుగు పక్కలా ఫోటోలు తీసి, ఒక్కో కట్టెకు ఒక్కో చీటీ దారంతో కట్టండి. మేకు కొట్టద్దు, గమ్ము అంటించద్దు. మళ్లా నిలబెట్టేవాడు మీ మనవడే కావచ్చు.

ఇప్పుడు మాకు ఇష్టమైన సంగతికి వస్తాము. బెత్తం కుర్చీ. పాత ఆఫీసుల్లో, బడుల్లో, డాక్టర్ల ఇండ్లల్లో ఉండే, కూర్చునే చోట బెత్తంతో కళ్లుకళ్లుగా అల్లిన కుర్చీలు. బెత్తం తెగితే జనం ప్లైవుడ్ ముక్క కొట్టేస్తారు, లేదంటే గుజరీకి వేస్తారు. చట్రం మాత్రం మంచి టేకు, ఒక్కోసారి బీటె మాను కూడా. మేము తెచ్చేది అట్లాంటి కుర్చీలనే. ఈ అల్లిక నేర్చుకునేదానికి వేరేవాళ్లకు నెలలు పడితే, మన ఆడవాళ్లకు రెండు ఆదివారాలు చాలినాయి. ఎందుకో చెప్తాము వినండి.

చట్రం చుట్టూ బెజ్జాలు ఉంటాయి. బెత్తం బద్దను అర్ధగంట నీళ్లల్లో నానబెట్టాల. మొదటి వరస వెనక నుంచి ముందుకు లాగి కట్టేది. ఇది మన పడుగే కదా. రెండో వరస అడ్డంగా, దాని మీద ఊరికే పరిచేది, అల్లేది లేదు. మూడో వరస మళ్లా పడుగు దారిలోనే, అవే బెజ్జాల్లో, మొదటి బద్ద పక్కన, రెండో వరస మీదుగా. నాలుగో వరసతో నేత మొదలవుతుంది: మూడోదాని మీదుగా, మొదటిదాని కిందుగా, పేక ఎట్ల పోతుందో అట్లే. ఇక అయిదు, ఆరు వరసలు ఐమూలగా. ఒకటి నిలువు జతల కిందుగా, అడ్డం జతల మీదుగా పోతుంది. ఇంకొకటి దానికి తలకిందులు. ఆరూ అయినాక ఎనిమిది మూలల కళ్లు వరసగా తేలతాయి. తడి బద్దను మరీ బిగించి లాగద్దు, ఆరేకొద్దీ అదే బిగుసుకుంటుంది. తడి పడుగు ఎట్ల ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది వేరేగా చెప్పే పని లేదు.

మాలో ఒక అవ్వ ఉంది. నలభై ఏండ్లు పడుగు అతికిన చేయి. కండ్లు ఇప్పుడు సరిగా కనపడవు. అయినా అల్లిక మీద వేలు పెట్టి రాసి, "ఈడ ఒకటి తప్పింది రా" అంటుంది. వెనక్కి విప్పి చూస్తే నిజంగానే ఒక బద్ద కిందికి పోవాల్సింది పైకి పోయి ఉంటుంది. ఆ అవ్వ చేయి తగలకుండా మా దగ్గరి నుంచి ఒక్క కుర్చీ కూడా బయటికి పోలేదు.

నులక మంచాలు, నవారు మంచాలు, పడక కుర్చీలు కూడా మన చేతి పనే. పడక కుర్చీ గుడ్డ బజారులో కొంటే రెండేండ్లకు చినుగుతుంది. మగ్గం ఇంకా ఆడతా ఉండే ఇంటికి చెప్పి, దొడ్డు నూలుతో ఒత్తుగా నేయించుకోండి. ఆ ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయి, మీకు మంచి గుడ్డ దొరుకుతుంది.

పాలిష్ గురించి అందరూ అడుగుతారు. పాత బల్ల చూడగానే ఉప్పు కాగితం పట్టుకోని రుద్దేయద్దు. ముందు దాని మీద ఉండేది ఏమని తెలుసుకోవాల. కనపడని మూలలో స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో రుద్ది చూడండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్. కరగకపోతే వార్నిషో, రంగో, ఇంకొకటో. లక్క అయితే మీ అదృష్టం. కొత్త లక్క పాత లక్కను కొంచెం కరిగించి దాంట్లో కలిసిపోతుంది, కాబట్టి మొత్తం గీకే పని ఉండదు. మోతుకు చెట్టు, కుసుమ చెట్టు మీద బతికే పురుగు ఇచ్చే లక్కే ఇది. లీటరు స్పిరిట్‌కు సుమారు 120 గ్రాముల లక్క పొరలు వేసి, రాత్రంతా నాననిచ్చి, పలచటి గుడ్డలో వడగట్టాల. దూదిని మెత్తటి పాత పంచెలో ముడిచి, దాంతో పలచగా, పొర మీద పొర పూయాల. ఒకే పూతకు మందంగా పట్టించాలని చూస్తే మరకలే మిగులుతాయి. వాన రోజు వద్దు. చెమ్మకు లక్క తెల్లగా పొంగుతుంది. మన హోసూరులో ఆషాఢం, కార్తీకం ముసురు పట్టినప్పుడు మేము అల్లిక పని పెట్టుకుంటాము, పాలిష్ పని ఎండ వచ్చినాకనే.

ఉప్పు కాగితం వాడాల్సి వస్తే మొదట 120, తర్వాత 220, ఎప్పుడూ కట్టె చారల వెంబడే. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ వేసినాక ఇంకా బాగా కనపడతాయి.

మూడు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్తాము. స్పిరిట్ పని పొయ్యికి, దీపానికి దూరంగా, గాలి ఆడే చోట చేయాల. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండ చుట్టి మూలకు పడేయద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డల కుప్పలో ఆ వేడి నిలిచి దానంతట అదే మంట అంటుకోవచ్చు. మన ఇండ్లల్లో నూలు, పట్టు ఉంటాయి, చెప్పేదేముంది. గుడ్డను విప్పి నేల మీద పరిచి ఆరబెట్టండి, లేదంటే నీళ్ల బకెట్లో ముంచేయండి. ఇంక పాత రంగు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షలకు 90 భాగాలు దాటకూడదనే నియమం 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. కాబట్టి పచ్చ రంగు పూసిన పాత తొట్టిలను, ఉయ్యాల బల్లలను పొడిగా రుద్ది దుమ్ము లేపద్దు. తడిపి రుద్దండి, పిల్లలను, గర్భిణీలను దగ్గరికి రానీయద్దు. లేదంటే ఆ రంగును అట్లే వదిలేయండి, పాత రంగుకు కూడా ఒక అందం ఉంది.

కుర్చీ కింద సన్నటి పిండి రోజూ రాలతా ఉందంటే లోపల పురుగు బతికి ఉందని అర్థం. దాన్ని మగ్గం ఉండే ఇంట్లోకి తేవద్దు.

చిన్న సామాను గురించి త్వరగా చెప్పేస్తాము. హెచ్.ఎం.టి. గడియారాలు మన పక్కనే బెంగుళూరులో 1961 నుంచి తయారైనాయి, మా తాతల పెండ్లి గడియారాలు అవే. ఇప్పుడు వాటికి గిరాకీ వచ్చింది. గిరాకీతో పాటు మోసమూ వచ్చింది. పాత మిషనుకు కొత్తగా రంగురంగుల డయల్ అచ్చేసి అసలుదని అమ్ముతారు. మన ఇండ్లల్లో గడియారాల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన పెద్దలు ఉండారు, కొనే ముందు వాళ్లకు చూపించండి. సింగర్ కుట్టు మిషను ఉంటే దాని సీరియల్ నంబరు రాసుకోండి. ముందుండే అక్షరాన్ని బట్టి అది ఏ ఫ్యాక్టరీలో, ఏ ఏడాదిలో తయారైందో తెలుస్తుంది. స్కాట్లండ్‌లో తయారైనవి కూడా మన వూర్లల్లో ఇంకా కుడతా ఉండాయి. గల్లాపెట్టె దొరికితే వదలద్దు. లోపల చిన్న చిన్న అరల్లో పాత చీటీలు, నూలు లెక్కలు ఇరుక్కోని ఉంటాయి. పెట్టెకన్నా ఆ చీటీలే మాకు ముఖ్యం.

ఇంక చీరల సంగతి. అమ్మల్లారా, ఇది మీకే. "పాత పట్టుచీరలు కొంటాము" అని వీధిలో అరుస్తా వస్తారు. వాళ్లకు కావాల్సింది చీర కాదు, జరీ. అసలు జరీ అంటే పట్టు దారం మీద వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూసినది. వాళ్లు చీరను కాల్చి వెండి తీసుకుంటారు. మీకు చేతిలో పెట్టేది వాళ్లు నోటికొచ్చిన లెక్క. అమ్మక తప్పని కష్టం వస్తే ముందు నమ్మకమైన చోట జరీ పరీక్ష చేయించుకోండి. అయితే అంతకన్నా ముందు ఒక మాట ఆలోచించండి. ఆ చీర అంచు, ఆ బుటా ఇప్పుడు ఎవరూ నేయకపోతే, ఆ చీరే దానికి మిగిలిన ఒకే ఒక నమూనా. కనీసం అంచు, కొంగు, వెనక పక్క దగ్గరగా ఫోటో తీయండి. వెనక పక్క ముఖ్యం, నేసిన తీరు అక్కడే తెలుస్తుంది. దాచుకునే చీరను ప్లాస్టిక్ కవర్లో పెట్టద్దు, ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టండి. మూడు నాలుగు నెలలకు ఒకసారి మడత మార్చండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు.

చట్టం గురించి కూడా తెలుసుకోవాల. 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం వందేండ్లు దాటిన కళా వస్తువులను, చేతిపని వస్తువులను మామూలు మనుషులు దేశం దాటించి అమ్మకూడదు. చేతిరాత గ్రంథాలకు 75 ఏండ్లే. మన కులపెద్దల ఇండ్లల్లో రాగి శాసనాలో, తాటాకు కట్టలో ఉంటే ఏ ఏజెంటుకూ ఫోటో కూడా పంపద్దు. కృష్ణగిరిలో ప్రభుత్వ మ్యూజియం ఉంది, అక్కడ చూపించండి.

వెతికే చోట్లు అడుగుతారు. బెంగుళూరు చిక్‌పేట పక్క ఆదివారం సంత, కారైకుడిలో పాత సామాను అంగళ్లు మేము పోయే చోట్లు. కారైకుడిలో ధర ఎక్కువ. అయినా చెట్టినాడు ఇండ్ల తలుపులు, పెట్టెలు చూసి వచ్చినా చాలు. చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచినారు. కాంచీపురం పట్టు నేతగాళ్ల ఇల్లు, ఇల్కల్ నేతగాళ్ల ఇల్లు, కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు అక్కడ నిలబెట్టి ఉండారు. మేము పిల్లలను తోడుకోని పోయినప్పుడు టికెట్టు కొని మగ్గం చూసినాము. ఒక పిల్లోడు అడిగినాడు, "మన జేజి ఇంట్లో ఉండేది ఇదే కదా, దాన్ని ఎందుకు అమ్మేసినారు?" ఎవరి దగ్గరా జవాబు లేదు.

మన పిల్లలు బడిలో చదివేది తమిళం. 2006లో వచ్చిన చట్టం తర్వాత తెలుగు అక్షరాలు రాని పిల్లలు మన ఇండ్లల్లో పెరిగినారు. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడతారు. నాడె, పన్నె, ఆసు, కండె, కుంచె, దోనె, కదురు అనే మాటలు పుస్తకంలో చదివి నేర్చుకునే అవకాశం వాళ్లకు లేదు. వస్తువు చేతిలో పెట్టి "ఇది కుంచె, గంజి పెట్టినాక పడుగును దీంతో దువ్వుతారు" అని చెప్తేనే ఆ మాట వాళ్ల నోట్లో నిలుస్తుంది. మా సేకరణలో విరిగిన నాడెలు ఇన్ని ఎందుకని నవ్వేవాళ్లకు మేము చెప్పేది ఇదే. ఒక్కో వూర్లో ఒక్కో భాగానికి ఒక్కో పేరు ఉంది. కన్నడం మాట్లాడే మన వాళ్లు ఒకటంటారు, తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకొకటి అంటారు. పెద్దవాళ్ల చేత వస్తువు పట్టించి, పేరు చెప్పించి, ఫోన్లో వీడియో తీస్తా ఉండాము. ఇప్పటిదాకా తీసినవాళ్లలో ఇద్దరు పోయినారు.

దీనికి డబ్బు పెద్దగా అక్కర లేదు. సాయంత్రం ఈ సభ అయినాక వెనక పక్క గదిలో నాలుగు కుర్చీలు పెట్టి ఉండాము, రెండు అల్లి, రెండు సగంలో. బెత్తం బద్దలు నానబెట్టి ఉండాయి. అల్లాలనిపించినవాళ్లు వచ్చి కూర్చోండి. ఇంట్లో విరిగిన కుర్చీ ఉంటే వచ్చే ఆదివారం తీసుకోని రండి. మగ్గం ఊడదీయాలని అనుకుంటా ఉండేవాళ్లు మాత్రం ఈ పొద్దే మాకు ఒక మాట చెప్పండి, చీటీలు, దారం మేమే తెస్తాము.