సోకు చేసిన బండికి కరెంటు జబ్బు

పాత బుల్లెట్‌కి కొత్త హ్యాండిలూ ఎల్‌ఈడీ లైట్లూ పెట్టించి, పెయింటు కొట్టించాక సెల్ఫ్ అందుకోదు, హారన్ మూలుగుతుంది. చాలామంది వెంటనే బ్యాటరీ మార్చేస్తారు. డబ్బు దండగ! ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. కాసేపు ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే. ఇంజను రేజ్ చేస్తే 13.5, 14.5 మధ్యకు రావాలి. పెరగకపోతే ఛార్జింగ్ కాయిల్, రెగ్యులేటర్ చూడాలి.

అవీ బాగుంటే ఎర్తు వైరు. మార్పులు చేసిన బండ్లలో నా మొదటి అనుమానం దానిమీదే. ఛాసిస్ మీది బోల్టు విప్పితే రింగు కింద నున్నటి పెయింటు పొర! అందులోంచి కరెంటు పారదు. ఇనుము తేలేదాకా ఎమరీ పేపరుతో గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయండి. ఫ్యూజు పదేపదే పోతోందని మాత్రం రాగితీగ చుట్టకండి, వైరింగే తగలబడుతుంది.