బొగ్గు సీమలో ఛాయాచిత్రము

గోదావరిఖనిలో ఛాయాచిత్రములు తీయువారికి మొదట ఎదురగు చిక్కు బొగ్గే. కొండవలె పోసిన బొగ్గును కెమెరాతో తీసి చూచినచో అది బొగ్గువలె కనిపింపదు. చల్లారిన పొయ్యిలోని బూడిదవలె కనిపించును. తప్పు బొగ్గుది కాదు, తీసినవారిదియు కాదు. కెమెరాలో వెలుతురును కొలుచు సాధనము తన యెదుటనున్న లోకమంతయు నడిమితరపు బూడిద వన్నెలో నుండునని నమ్ముకొనియున్నది. పడిన వెలుతురులో నూటికి సుమారు 18 పాళ్ళు తిరిగి రావలెనని దాని లెక్క. బొగ్గు నాలుగైదు పాళ్ళకంటె ఎక్కువ తిరిగి యీయదు. అందుచేత యంత్రము వెలుతురు చాలలేదనుకొని చిత్రమును తెల్లబరచును. ఈ సంగతి తెలిసినవారు ఎక్స్‌పోజరును ఒకటి రెండు మెట్లు తగ్గించి తీయుదురు. అప్పుడు బొగ్గు బొగ్గగును. దాని అంచులమీది నిగనిగ కూడ నిలుచును.

శ్రోతలారా, ఈ చిన్న లెక్కతో ప్రసంగము మొదలిడుటకు కారణము కలదు. నేడు ఛాయాచిత్రకళలో వచ్చుచున్న మార్పులలో పెక్కు ఇట్టివే. యంత్రము తాను ముందుగా నేర్చిన లోకమును మన కన్నులముందున్న లోకముమీద కప్పుచున్నది. రామగుండము, గోదావరిఖని, ఎనిమిదవ ఇంక్లైను కాలనీ వంటి చోట్ల ఈ సంగతి తేటపడినట్లు మఱియొకచోట తేటపడదని మా అభిప్రాయము.

సింగరేణి గనులలో రెండు మూడు తరములు పనిచేసిన కుటుంబములు ఇచట ఎన్నియో యున్నవి. కాని పనిచేయుచోట తీసిన వారి చిత్రములు ఎన్ని ఇండ్లలో నున్నవి? చాల తక్కువ. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను వాయువు గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ళవరకు కలిసియున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలును. అందుచేత బాయిలోనికి బీడీయు అగ్గిపెట్టెయు కొనిపోరాదు. అనుమతి లేని విద్యుత్పరికరమును కొనిపోరాదు. ఇంటివారి కెమెరా అయినను, దాని ఫ్లాషు అయినను పైననే ఆగవలెను. 1861లో పారిస్ నగరము క్రింది సొరంగములలో నాడార్ అను ఛాయాచిత్రకారుడు విద్యుద్దీపముల వెలుతురున చిత్రములు తీసెను. ఒక్కొక్కదానికి 18 నిమిషములవరకు పట్టెడిది. అంతసేపు మనుష్యులు కదలక నిలువలేరు గనుక పనివారికి బదులు బట్టలు తొడిగిన బొమ్మలను నిలిపెను. కష్టము కనిపించు చిత్రములో కష్టజీవియే లేడు! మన సీమకును ఇంచుమించు అదే గతి పట్టినది. మనకు మిగిలినవి షిఫ్టు దిగి పైకి వచ్చినవారి చిత్రములు, పెండ్లి ఆల్బములు, గుర్తింపు కార్డుకై తీసిన తపాలాబిళ్ళంత ఫోటోలు. ఈ చివరి రకమును గూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచితిమి. దానికి ముందు దిద్దుబాటు కథ కొంత వినవలెను.

చిత్రమును తీసిన తరువాత దిద్దుట ఈనాటి పని కాదు. ఇంగ్లండులో ఆస్కార్ రెజ్లాండరు 1857లోనే ముప్పదికి పైగా నెగెటివులను కూర్చి ఒకే చిత్రముగా అచ్చొత్తెను. మన హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళు (1844–1905) గాజుపలకలమీద పనిచేసినవాడు. ఆయన నెగెటివులు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. వానిని 1989లో కొని భద్రపరచిరి. ఆ కాలపు స్టూడియోలలో ముడుతలు మాన్పుటకు సన్నని పెన్సిలే మందు. ముఖముమీది నీడ నెగెటివులో పలుచగా నుండును. ఆ పలుచని చోట పెన్సిలు నలుపు నింపినచో అచ్చులో నీడ తొలగి తెలుపగును. ఎంత నేర్పుతో చేసినను అది ఎదుటనున్న పలకను చూచి, ఎదుటనున్న ముఖముమీద చేసిన పని. 1990లో అమెరికాలోని నోల్ సోదరుల ఫోటోషాపు బజారులోనికి వచ్చినప్పుడు పెన్సిలు పోయి కంప్యూటరు వచ్చినదే గాని, దిద్దువాని చూపు అట్లే నిలిచినది.

ఇటీవలి మార్పు వేరు. నేటి చేతిఫోను చీకటిలో ఒక చిత్రము తీయదు. మనము మీట నొక్కిన ఆ కొద్ది క్షణములలో పది పదునైదు తీసి, కదలికలు సరిచూచి, ఒకదానిపై నొకటి పేర్చి, నలుసులు తొలగించి మన చేతికి ఇచ్చును. రాత్రి షిఫ్టు విడిచి వచ్చువారిని వీధిదీపము క్రింద తీసినను చిత్రము తేటగా వచ్చుటకు కారణమిదియే. ఇది మేలైన విద్య. ఇట్లే ఓపెన్‌కాస్టు గనులపై డ్రోను ఎగురవేసి తీసిన వందలాది చిత్రములను కూర్చి, తవ్విపోసిన మట్టి ఎన్ని ఘనపు మీటర్లో లెక్కగట్టవచ్చును. అచట చిత్రము అందమునకు కాదు, కొలతకు. దానిలో లేనిది చేర్చినచో లెక్కయే తప్పును.

ముఖములకడ అట్టి జాగ్రత్త కనిపింపదు. చాల ఫోనులు అడుగకయే చర్మమును నునుపుచేసి ఒక వన్నె తెల్లబరచును. ఈ జబ్బు పాతదే. రంగు ఫిలిము రోజులలో అచ్చువేయు శాలలు రంగులు సరిచూచుకొనుటకు కోడాకు కంపెనీవారి షర్లీ కార్డును ఎదుట పెట్టుకొనెడివి. దానిమీద నున్నది తెల్లజాతి వనిత బొమ్మ. నల్లని ముఖములు మసియగుటలో వింత యేమున్నది? 2022లో గూగులు సంస్థ హార్వర్డు ఆచార్యుడు ఎల్లిస్ మాంక్ కూర్చిన పది మెట్ల చర్మవర్ణముల కొలబద్దను చేపట్టినది. ఆలస్యమైనను మంచి పనియే.

ఇక గుర్తింపు కార్డు ఫోటో మాట. కార్మికుడు గతించిన పిమ్మట గోడకు తగిలించు దండ పటమునకు ఈ సీమలో చాల ఇండ్లకు ఆ చిన్న ఫోటోయే ఆధారము. దానిమీద సగము రబ్బరు ముద్ర పడియుండును. పూర్వము స్టూడియోవారు దానిని పెద్దదిచేసి, మసకబారిన కనుబొమలను కుంచెతో దిద్దెడివారు. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనమునకు అప్పగించినచో నిమిషములో వెండ్రుక వెండ్రుకయు లెక్కపెట్టదగిన ముఖము వచ్చును.

అట్టి పటము నొకదానిని ఒక ఇంట మేము చూచితిమి. ఆ ఇల్లాలు దానిని గోడకు తగిలింపక బియ్యపు డబ్బామీద నానించి యుంచినది. కారణమడుగగా, "మొఖం మంచిగనే ఉన్నది బిడ్డా, కానీ ఆయన కాదు" అన్నది. ఆయన కుడి కనుబొమపై చిన్న నీలిమచ్చ యుండెడిదట. గనిలో తగిలిన గాయమున బొగ్గుధూళి చొచ్చి, చర్మము మానినను లోపల నిలిచిపోవు మచ్చ అది. గనిపనివారందఱును దాని నెరుగుదురు. యంత్రము దానిని మలినమనుకొని తుడిచివేసినది. ముక్కును కొంత సన్నము చేసినది. పెదవులకు ఎన్నడును లేని చిరునవ్వు నొకదానిని ఇచ్చినది.

ఇది ఎట్లు జరుగునో తెలిసికొనవలెను. తపాలాబిళ్ళంత ఫోటోలో కన్ను నాలుగైదు చుక్కలకు మించి యుండదు. లేని వివరమును ఏ యంత్రమును వెలికి తీయజాలదు. అది తాను చూచిన వేలకొలది ముఖములనుండి ఆ చుక్కలకు తగినట్టి కన్నును ఊహించి అతుకును. ఎన్‌విడియా సంస్థ 2019లో వెలువరించిన 70,000 ముఖముల సంచయముమీద ఇట్టి సాధనములు పెక్కు నేర్చుకొనినవి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమువారు 2020లో వెలువరించిన పల్స్ అను సాధనమునకు బరాక్ ఒబామా ముఖమును మసక గళ్ళుగా చేసి అందింపగా, అది తెల్లజాతి పురుషుని ముఖమును తిరిగి ఇచ్చెను. ఒక దేశాధ్యక్షుని విషయమున లోకమంతయు గుర్తుపట్టి నవ్వినది. మన ఇంటి తాతగారి విషయమున గుర్తుపట్టువారు ఇద్దరో ముగ్గురో, వారును వృద్ధులు. వారి తరువాత మనుమలకు ఆ ఊహించిన ముఖమే తాత యగును.

ఆ ఇంటివారు స్టూడియోకు మఱల పోయిరి. ఈసారి ఫోటోను గాఢమైన కొలతలో స్కాను చేయించి, ముఖమును పునర్నిర్మించు ఏర్పాటును ఆపివేయించి, గీతలను, ముద్ర మరకను మాత్రము తీయించిరి. పటము చిన్నదే వచ్చినది, కొంత మసకగానే వచ్చినది. మచ్చ నిలిచినది. అది గోడ కెక్కినది.

కళగా ఊహించుట తప్పని మేమనము. 2023లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అను జర్మను కళాకారుడు కృత్రిమ మేధతో చేసిన బొమ్మకు సోనీ ప్రపంచ ఛాయాచిత్ర పోటీలో బహుమతి రాగా, ఇది ఛాయాచిత్రము కాదని తానే చెప్పి తిరస్కరించెను. అదే సంవత్సరము లైకా సంస్థ, చిత్రము ఎప్పుడు తీసినది, పిమ్మట ఏమి మార్చినది తెలుపు చిట్టాను చిత్రముతోడనే చేర్చు కెమెరాను తెచ్చినది. అంత ఖరీదు కెమెరా మన ఇండ్లకు అక్కరలేదు. పాత ఫోటోను దిద్దించుటకు ముందు దిద్దని నకలు నొకదానిని వేరుగా దాచుకొనిన చాలును. అసలు ఫోటోను స్టూడియోలో విడిచి రాకుడు. వెనుకవైపున పేరు, ఊరు, గని, సంవత్సరము మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయుడు. బాల్‌పెన్నుతో అదిమి వ్రాసినచో ఆ గాడి ముందువైపున ముఖముమీద తేలును.