ఒక ప్రతినాయకుని పూర్వకథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగశ్రవణము ముగిసీ ముగియకముందే అమెరికా బొమ్మల పుస్తకాలలోని దుష్టుని గురించి మాట్లాడబూనడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన ఇండ్లలోని పిల్లలు రావణాసురుని ఎంత బాగా ఎరుగుదురో మాగ్నెటోనూ అంత బాగా ఎరుగుదురు. వారు చదివేదేమిటో పెద్దలము మనమూ ఒకసారి చూడవలెనని ఈ విషయమును ఎన్నుకొన్నాము.

మాగ్నెటో లోహములను తాకకుండానే ఆడించగలవాడు. పుట్టుకతో వింత శక్తులు గల 'మ్యూటెంట్ల'లో ఒకడు. 1963లో 'ఎక్స్-మెన్' మొదటి సంచికలోనే అడుగుపెట్టినాడు. సృష్టించినవారు స్టాన్ లీ, జాక్ కర్బీ. ఇద్దరూ న్యూయార్కులో పుట్టినవారే గాని, లీ తలిదండ్రులు రుమేనియా నుండి, కర్బీ తలిదండ్రులు ఆస్ట్రియా నుండి వలసవచ్చిన యూదులు. వీరి అసలు పేర్లు స్టాన్లీ లీబర్, జేకబ్ కర్ట్‌జ్‌బర్గ్. పరాయిచోట నోరు తిరగని పేరును కుదించుకొనుట మనమెరుగని సంగతి కాదు గదా!

ఆ మొదటి సంచికలో ఈతడు సైన్యపు క్షిపణి స్థావరమును ఆక్రమిస్తాడు, ఓడిపోతాడు, పారిపోతాడు. ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఎందుకింత కోపము? ఒక్క మాట లేదు. మన పౌరాణికులు ఇట్లు చేసేవారు కారు. జయవిజయుల శాపకథ చెప్పి, వైకుంఠద్వారమున నిలిచినవాడు రాక్షసుడెట్లయినాడో తేల్చిగాని వదలలేదు.

ఇక్కడ ఆ లోటు తీరుటకు 18 ఏండ్లు పట్టినది. 1975 నుండి ఈ కథలను వ్రాస్తూ వచ్చిన క్రిస్ క్లేర్‌మాంట్ 1981లో, 150వ సంచికలో తీర్చినాడు. అందులో దేశములన్నీ అణ్వస్త్రములను విడువవలెనని మాగ్నెటో హుకుం జారీ చేస్తాడు. రష్యా జలాంతర్గామిని మనుష్యులతో సహా ముంచివేస్తాడు. పోరులో అతని దెబ్బకు కిట్టీ ప్రైడ్ అనే బాలిక కూలిపోతుంది. యూదుల పిల్ల; పట్టుమని పధ్నాలుగేండ్లు లేవు. చనిపోయినదనే తలచి ఆమెను చేతుల్లోకి తీసుకొన్నప్పుడు, తన వారిని ఆష్విట్జ్ మరణశిబిరములో చంపినవారికీ తనకూ భేదము లేకపోయినదని అతనికి తోస్తుంది. అక్కడితో యుద్ధము మానివేస్తాడు.

1987లో మరొక కథ వచ్చినది. శిబిరమునుండి బయటపడి, మాగ్డా అనే ఆమెను పెండ్లాడి, ఉక్రెయిన్‌లోని విన్నిట్సాలో కూలిపని చేసుకొనే రోజులవి. కూలిడబ్బు దగ్గర యజమానితో తగవు వస్తుంది. ఆ రాత్రే బస చేసిన ఇల్లు అంటుకొంటుంది. చిన్నకూతురు ఆన్యా లోపల ఉన్నది. కాపాడే శక్తి అతనికి ఉన్నది. జనము పట్టుకొని కొడుతూ కదలనివ్వరు. బిడ్డ పోయిన దుఃఖములో అతడు అక్కడివారందరినీ చంపివేస్తాడు. భార్య అతనిని చూచి భయపడి పారిపోతుంది. మా దృష్టిలో మాగ్నెటో కథలన్నిటిలోను ఇదే గట్టిది.

నడుమ 1985లో పారిస్ న్యాయస్థానమున విచారణకు నిలబడి, మ్యూటెంటు పిల్లల పాఠశాలకు పెద్దగా కూడ ఉన్నాడు. ప్రకాశకులకు అంతటి మంచితనము గిట్టలేదు కాబోలు, 1991 నాటికి తిరిగి ప్రతినాయకుని చేసినారు. ఆ ఏడు వచ్చిన కొత్త వరుస మొదటి సంచిక 80 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైనది.

2008లో మొదలైన 'మాగ్నెటో టెస్టమెంట్' అయిదు సంచికలలో గ్రెగ్ పాక్ అతని బాల్యమును వ్రాసినాడు. అక్కడ అతడు మాక్స్ ఐజన్‌హార్ట్ అనే జర్మను యూదు బాలుడు. మహాశక్తుల ఆర్భాటము దాదాపు లేదు. శవములను దహించే పనికి నియమింపబడిన ఖైదీలలో ఒకడై, చూచినదంతా వ్రాసి భూమిలో పాతిపెడతాడు. ఇది వట్టి కల్పన కాదు. ఆష్విట్జ్‌లో అటువంటి ఖైదీలు పాతిపెట్టిన వ్రాతలు యుద్ధానంతరము నిజముగా దొరికినవి.

మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటున్నది. "వీళ్లు మనల్ని ఎన్నటికీ తమవాళ్లుగా చూడరు" అని మాగ్నెటో వాదము. కలిసి బ్రతుకవచ్చునని అతని మిత్రుడు ప్రొఫెసర్ జేవియర్ వాదము. బడిలో యాసను వెక్కిరింపగా ముఖము చిన్నబుచ్చుకొని వచ్చిన పిల్లవాడు మాగ్నెటో మాటే నిజమంటే, బొమ్మల పుస్తకమని కొట్టిపారవేయరాదు. మేము జేవియర్ పక్షమే. అయినా ఆన్యా కథ చదివిన పిల్లవానికి ఆ మాట చెప్పుట సులభము కాదు. ఆ సంచిక పెద్దలు కూడ చదివి, పిల్లలతో కూర్చొని మాట్లాడవలెను.

'టెస్టమెంట్' మాత్రము మరీ చిన్నవారికి ఇవ్వకండి. పుస్తకములు మా వద్ద ఉన్నవి. కావలసినవారు సభానంతరము అడిగి తీసుకొనవచ్చును.