దగ్గుతో మొదలుపెడదాం



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పారు. వ్యాకరణాన్ని వాక్యంలోంచి విడదీసి చెప్పకూడదని ఆయన పట్టుదల. అందుకే పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా తరగతిలో రోజూ ఎదురయ్యే ఒక చిక్కును తీసుకుంటున్నాను. ఒకే ఇంగ్లీషు మాట ఒకచోట నామవాచకమూ, మరోచోట క్రియా అవుతుంటే పిల్లలకు ఎలా చెప్పాలి?

‘వాటర్’ అంటే నీళ్లు, నామవాచకం అని నేర్పుతాం. ఆ తర్వాత ఏదో పాఠంలో ‘షీ వాటర్స్ ద ప్లాంట్స్’ అని వస్తుంది. పిల్లవాడు అక్కడ ఆగిపోతాడు. చివరి ‘ఎస్’ను బహువచనం అనుకుంటాడు. తప్పు వాడిది కాదు. పేరును తెలిపేది నామవాచకం, పనిని తెలిపేది క్రియ అని మనం వల్లె వేయించిన నిర్వచనం ఆ వాక్యం ముందు చేతులెత్తేసింది.

నేను చెప్పదలచింది ఇదీ: ఈ సంగతి తెలుగు పిల్లలకు కొత్త కాదు. దగ్గు, తుమ్ము, నవ్వు, తిట్టు, కుట్టు, ఉరుము, ఇవన్నీ అలాంటి మాటలే. ‘దగ్గు తగ్గింది’ అంటాం, ‘రాత్రంతా దగ్గాడు’ అనీ అంటాం. ‘పండు పండింది’ అనే చిన్నపిల్లకు ఆ రెండింటికీ తేడా ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పైగా ‘కాఫ్’, ‘స్నీజ్’, ‘లాఫ్’, ‘స్టిచ్’, ‘థండర్’ ఇంగ్లీషులోనూ రెండు పనులూ చేస్తాయి. ఇంత చక్కటి జంటలు చేతిలో ఉండగా పాఠం వీటితోనే ఎందుకు మొదలుపెట్టకూడదు?

పోలిక మాత్రం ఒక హద్దు వరకే. దగ్గాడు, దగ్గింది, దగ్గుతున్నారు అని మనకు ప్రత్యయమే క్రియను పట్టిస్తుంది. ఇంగ్లీషుకూ ఒకప్పుడు అలాంటి ప్రత్యయాలుండేవి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ప్రేమ ‘లువు’, ప్రేమించడం ‘లువియన్’. తర్వాతి శతాబ్దాల్లో పదాల చివరి అక్షరాలు అరిగి రాలిపోయాయి. రెండూ ‘లవ్’గానే మిగిలాయి. అప్పటినుంచి ప్రత్యయం చేయాల్సిన పనిని వాక్యంలో మాట ఉండే చోటు చేస్తోంది. ముందు ‘ఎ’, ‘ద’, ‘మై’ ఉంటే నామవాచకం, ‘విల్’, ‘కెన్’, ‘టు’ ఉంటే క్రియ. ‘టు’తో కాస్త జాగ్రత్త, ‘గో టు స్కూల్’లోనూ అది ఉంది. ప్రత్యయాల అడ్డు తొలగాక కొత్త క్రియలు సులువుగా పుట్టుకొచ్చాయి. ‘నోటీస్’, ‘ప్రోగ్రెస్’ వంటి మాటలను క్రియలుగా వాడటం నచ్చక బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789లో నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్‌కు ఉత్తరం రాశాడు. ఆ వాడుకలు మాత్రం నిలిచిపోయాయి.

అసలు కష్టం అర్థం దగ్గర ఉంది. మనం మొక్కలకు నీళ్లు పోస్తాం, పాలు పితుకుతాం, తాళం వేస్తాం, దుమ్ము దులుపుతాం. ఒక్కో నామవాచకానికి తగిన క్రియ మనకు విడిగా ఉంది. ఇంగ్లీషు ఆ క్రియను మింగేసి ‘వాటర్’, ‘మిల్క్’, ‘లాక్’, ‘డస్ట్’ అని నామవాచకాన్నే పనిలోకి దింపుతుంది. ఏ పనో వినేవాడే పోల్చుకోవాలి. ‘డస్ట్’ అంటే అల్మారా మీది దుమ్ము దులపడమూ అవుతుంది, కేకు మీద పంచదార పొడి చల్లడమూ అవుతుంది. అందుకే నోటుబుక్కులో ‘వాటర్’ పక్కన ‘నీళ్లు’ అని రాయించి వదిలేయకండి. ‘నీళ్లు పోయడం’ అనేది కూడా, పూర్తి వాక్యంతో సహా, రాయించండి. సి.పి. బ్రౌన్ తన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో నామవాచకాన్నీ క్రియనూ వేరుచేసి చూపాడు. ఆ శ్రద్ధ మన నోటుబుక్కుల్లోకీ రావాలి.

దీనికి ఎదురుదారి కూడా ఉంది. ‘కాల్’, ‘బుక్’ మన భాషలోకి వచ్చాక ఒంటరిగా క్రియలు కాలేవు, ‘చేయడం’ తోడు కావాలి. కాల్ చేశాడు, టికెట్ బుక్ చేశాను అంటాం. పిల్లలు ‘ఐ డిడ్ కాల్ టు హిమ్’ అనేది అందుకే. దాన్ని కొట్టేసి ఎర్రసిరాతో సున్నా చుట్టేకంటే, ఆ ‘చేయడం’ ఇంగ్లీషులో ‘కాల్’ లోపలే ఉందని ఒక్కమాట చెబితే చాలు.

ఉచ్చారణ సంగతి క్లుప్తంగా. ‘రికార్డ్’ నామవాచకమైతే మొదటి అక్షరం మీద ఊనిక, క్రియ అయితే రెండోదాని మీద. 1570 నాటి పీటర్ లెవిన్స్ పదకోశంలో ఇలాంటివి మూడే కనిపిస్తాయి: ‘అవుట్‌లా’, ‘రెబెల్’, ‘రికార్డ్’. ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి. మన భాషలో ఊనిక అర్థాన్ని మార్చదు కనుక పిల్లల చెవికి అది అందదు. అచ్చు మారితే మాత్రం వెంటనే అందుతుంది. కనుక రెకర్డ్–రికార్డ్, ప్రెజెంట్–ప్రిజెంట్ అని అచ్చుల తేడాతో వినిపించండి. యూస్–యూజ్ తేడా హల్లుది, దాన్నీ ఈ పక్కనే పెట్టవచ్చు. ‘ఆన్సర్’, ‘వాటర్’ వంటివి అసలు మారవని కూడా చెప్పాలి, లేకపోతే లేని ఊనికలు కల్పించుకుంటారు.

చివరగా, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి ఒక విన్నపం. ‘వాటర్ ఏ భాషాభాగం?’ అని మాటను ఒంటరిగా ఇచ్చి అడగకండి. ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదు. రెండు వాక్యాలివ్వండి, రెండింటిలోనూ అదే మాట ఉండాలి. ఏది ఏమిటో, ఏ పక్కమాటను బట్టి తెలిసిందో రాయమనండి. మార్కులు ఆ రెండో సగానికి ఎక్కువ పెట్టండి.