గణకయంత్రమునకు స్మృతి పెంచుట



మేజాపై నుండు గణకయంత్రము నాలుగైదేండ్లకే మందగించునని కార్యాలయములందు ఒక అపవాదు కలదు. ఉదయము మీట నొక్కి కాఫీ త్రాగి వచ్చినను తెర సిద్ధముగా నుండదు. అంతట దానిని కండెమ్ చేయించి క్రొత్తదానికై ప్రతిపాదన పంపుట పరిపాటి. పెక్కుచోట్ల దోషము యంత్రమునది కాదు. పని చేసికొనుటకు దానికి చోటు చాలదు, అంతే.

గుమాస్తా యెదుట బల్ల యుండును, గోడప్రక్క బీరువా యుండును. బీరువాలో వేయి ఫైళ్ళున్నను బల్లపై పట్టునవి పది. పదునొకండవది కావలసినచో ఒకదానిని బీరువాలో పెట్టి రావలెను. హార్డ్ డిస్కు బీరువా. ర్యామ్ అను స్మృతి బల్ల. 4 గిగాబైట్ల ర్యామ్ గల యంత్రముపై బ్రౌజరులో పది పుటలు, పెద్ద లెక్కల పట్టిక యొకటి తెరచినచో, అది పొద్దంతయు బల్లకు బీరువాకు నడుమ తిరుగుచుండును. పింఛను కాగితమునకై కిటికీ వద్ద నిలిచిన వృద్ధునకు ఇదంతయు తెలియదు. "సిస్టము స్లోగా ఉంది, రేపు రండి" అను మాట మాత్రము వినవచ్చును.

బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960లో పనికి వచ్చిన టిఫ్రాక్ యంత్రపు స్మృతి, 40 బిట్ల పదములు 2,048. అనగా 10,240 బైట్లు. నేడు జానెడైనను లేని 8 గిగాబైట్ల పలక దానికి ఎనిమిది లక్షల రెట్లకు మించినది. అయితే టిఫ్రాక్ స్మృతి ఫెర్రైటు వలయములది. కరెంటు పోయినను మరువదు. నేటిది మరచును. రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందిన పద్ధతిలో బిట్టున కొక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు మాత్రమే. కెపాసిటరులోని విద్యుదావేశము కారిపోవుచుండును గావున, సాధారణముగా 64 మిల్లీసెకనుల కొకమారు మరల నింపవలెను. నోటు భద్రపరచక మునుపే కరెంటు పోయిన గుమాస్తా ఈ శాస్త్రమును కష్టపడి నేర్చినవాడే!

ఇక పెంచు విధము. టాస్క్ మేనేజరులో స్మృతి నిత్యము నిండియే యున్నదా యని ముందు చూడవలెను. లేనిచో పెంచియు ఫలము లేదు. డిస్కు పాత తిరుగుడు రకమైనచో, దానికి మారు ఎస్.ఎస్.డి. వేయుట యెక్కువ మేలు. 32 బిట్ల విండోస్ ఉన్నచో 429 కోట్ల బైట్లకు మించి చిరునామాలు చాలవు. 4 గిగాబైట్ల పైన కొన్నది వ్యర్థము.

డి.డి.ఆర్.3 పలకకు 240 పిన్నులు, డి.డి.ఆర్.4కు 288. డి.డి.ఆర్.5కు కూడ 288 యే గాని, గాటు వేరొక తావున నుండును. గాటు కుదరనిచో బలవంతము చేయరాదు, స్లాటు విరుగును. తొందరపడి కొన్నవారు దుకాణమునకు రెండుమారులు తిరుగుదురు. మదర్‌బోర్డు ఎంతవరకు భరించునో దాని పుస్తకములో నుండును. ఒకే పరిమాణము గల జంట మేలు. వారంటీలో నున్న యంత్రమును అనుమతి లేక విప్పరాదు.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 కోరునది స్మృతి మాత్రమే కాదు, ప్రాసెసరును కూడ చూచును. ఆ పరీక్షలో తప్పిన యంత్రమునకు ర్యామ్ కొనుటకు ముందు ఇది యోచింపవలెను.

ప్లగ్గు తీసి, పెట్టెలోని లోహభాగమును తాకి, పలకను అంచులయందే పట్టవలెను. రెండు కొనల కొక్కెములు టక్కున పడువరకు సమముగా నొక్కవలెను. పిదప తెర రాక బీప్ ధ్వనులే వినవచ్చినచో భయము లేదు. తరచు పలక సరిగా కూర్చుండకపోవుటయే కారణము. ప్లగ్గు తీసి, మరల అమర్చి చూడవలెను.