నూతన వ్యాపారారంభకులకు హితవు



మేము సంస్కృతము బోధించి జీవించినవారము, వర్తక మెఱుగము. అయినను మన కులపు బిడ్డ, మా శిష్యుడొకడు, వ్యాపారమున నష్టపడగా మేమును కొంత సొమ్ము గోల్పోయితిమి. ఆ యనుభవమునే విన్నవించెదము.

అతడు పాఠశాలల రుసుముల లెక్కలు చూచు సాఫ్టువేరు నిర్మించెను. మొదట కొన్న పది పాఠశాలలును బంధువులవే. అందఱము మెచ్చుకొంటిమి. మఱుసటి యేడు ఒక్కరును మరల కొనలేదు. బంధువు కొనుట యాశీర్వచనము. ఎఱుగనివాడు కొని, మరల వచ్చుటయే బేరము. మన సభామందిరముననే సరకు పరీక్షించుకొనుట కూపస్థమండూక న్యాయము.

హైదరాబాదున 2015లో టీ-హబ్ వెలసినది. 2022లో రాయదుర్గమందలి విశాల భవనమునకు మాఱినది. స్త్రీలకై 2018లో వీ-హబ్ ఏర్పడినది. అట్టి చోట్లకు బోయి, పరుల యెదుట సరకు నుంచి, తప్పులు చెప్పించుకొనుడు. ఆలోచన దొంగిలింతురని దాచుకొనకుడు.

పొత్తును పత్రముపై వ్రాసికొనుడు. 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము సంస్థ ఋణమునకు ప్రతి భాగస్థుని సొంత యాస్తియు బాధ్యమగును. 2008 నాటి చట్టము పరిమిత బాధ్యతతో పొత్తునకు వీలు గల్పించినది. ఈ భేదము తెలియకయే మా శిష్యుడు తండ్రిని భాగస్థుని జేసెను. ఆయన పొలము ఋణమునకు బోయినది.

పోషక మహాశయులారా! ఇచ్చునది అప్పో, వాటాయో, దానమో ఆనాడే చెప్పుడు. మేము చెప్పమైతిమి. అందుచే ఆ బిడ్డ నేటికిని మా వీథికి రాడు. సొమ్ము పోయినందుకంటె నిదియే మాకు విచారము. ఓడినవానిని పెండ్లిపందిళ్లలో వేలెత్తి చూపకుడు. మరల నిలుచుటకు చోటిండు.

స్వస్తి.